చేతికి కుదిరే కడ్డీ కోసం మూడు ఊళ్ళు

మా చర్చిలో నన్ను వాయించవద్దన్నారు. పిలిచి చెప్పలేదు, కూర్చోబెట్టి అడగలేదు. రూళ్ళ కాగితం మీద రెండు లైన్లు రాసి పంపారు: "మీ చెయ్యి వణుకుతున్న కారణంగా వచ్చే ఆదివారం నుంచి విశ్రాంతి తీసుకోగలరు." నా చెయ్యి వణకలేదు. కడ్డీ జారింది. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళు నాకు విశ్రాంతి ఇచ్చారు.

ఆ కాగితం రాసినావిడ సుగుణ టీచరు గారు. పాటల బృందం ఆవిడ చేతి కింద నడుస్తుంది. ఆవిడ బియ్యే, బీఈడీ. నేను ఐదో తరగతి. నందివెలుగు పక్కన రైసుమిల్లులో ముప్పై రెండేళ్ళు ఇంజను డ్రైవరుగా చేశాను. మిగతా చదువంతా నాకు నేను చెప్పుకున్నదే, కాబట్టి ఫీజు ఎవరికీ బాకీ లేను.

నేను వాయించేది గిటారే కానీ, సినిమాల్లో హీరో భుజాన వేసుకునేది కాదు. బల్లలాగా పరిచి ఉంటుంది. పది తీగలు. కుడి చేత్తో మీటాలి, ఎడమ చేత్తో ఒక కడ్డీని తీగల మీద జరపాలి. కింద పెడళ్ళు. కాలితో తొక్కితే తీగ బిగిసి స్వరం పైకి లేస్తుంది. రేడియోలో ఎక్కడో దూరదేశపు స్టేషనులో ఆ శబ్దం విన్నాను. ఒక పాత ఇంగ్లీషు పత్రికలో దాని బొమ్మ చూశాను. పాత కుట్టుమిషను స్టాండు, సైకిలు బ్రేకు తీగలు, మిల్లులో పారేసిన స్ప్రింగులు కలిపి ఏడాది పాటు కూర్చుని నేనే కట్టాను. మా చర్చిలో కరెంటు పోయినా పోకపోయినా పద్దెనిమిదేళ్ళు అదే మోగింది.

కడ్డీ మొదట్లో మిల్లు ఇంజను పిస్టన్ పిన్ను. అరచేయంత పొడుగు, మంచి బరువు. అరవై దాటాక వేళ్ళ కణుపులు నొప్పులు పెడుతుంటే దాన్ని పక్కన పెట్టి తేలికది పట్టాను. తర్వాత ఇంకా తేలికది. ఆఖరికి పలచటి ఇత్తడి గొట్టం. ముసలి చేతికి తేలిక వస్తువే సుఖం కదా, దీనికి బీఈడీ చదవాలా? ఆ గొట్టమే ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం నాడు మూడో చరణంలో నా వేళ్ళలోంచి జారి తీగల మీద పడింది. ఇంట్లో పళ్ళాలు పడ్డట్టు మోగింది. అంతే జరిగింది.

సరైన కడ్డీ సంపాదించి, వాయించి చూపించి, ఆ కాగితం వాళ్ళకే వెనక్కి ఇద్దామనుకున్నాను. మా ఆవిడ దీనమ్మ సంచి సర్దుతూ, "జానెడు ఇనుప ముక్కకి ఊళ్ళు పట్టుకు తిరగాలా? పెరట్లో గునపం ఉందిగా" అంది. ఆవిడతో వాదించి గెలిచిన రోజు నాకు గుర్తు లేదు. వాయిద్యం మోసుకెళ్ళలేను కాబట్టి ఒక చెక్క మీద పది తీగలు బిగించి, దాన్ని చంకన పెట్టుకుని బయల్దేరాను. ఎస్టీడీ బూతులు అప్పుడప్పుడే మా వైపు పసుపు బోర్డులు కట్టుకుంటున్న రోజులవి.

తెనాలి

కాలవ వంతెన దిగి లేతు మిషన్ల సందులోకి నడిచాను. ఖాజా వాళ్ళ నాన్న మా మిల్లు షాఫ్టులు సాఫు చేసేవాడు. ఇప్పుడు ఖాజా నడుపుతున్నాడు. తెనాలి వాళ్ళ మర్యాద వేరు. మా ఊళ్ళో టీ ఇస్తే తాగి గ్లాసు పెట్టెయ్యడమే. ఇక్కడ గ్లాసు చేతికిచ్చి, "ఎలా ఉంది?" అని అడిగి, బాగుందనేదాకా మొహంలోకి చూస్తారు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

ఖాజా నా ఇత్తడి గొట్టం అటూ ఇటూ తిప్పాడు.

"ఏంటి చాచా ఇది, అప్పడాల కర్రా?"

"గిటారుకి."

"గిటారుకి కర్రెందుకు? పలక్కపోతే కొట్టడానికా?"

చెక్క తీసి చూపించాను. చూసి గంభీరమైపోయాడు. నా ఎడమ చెయ్యి బల్బు కిందికి లాగి, వేలు వేలూ నొక్కి చూశాడు.

"చాచా, తప్పు మీ చేతిది కాదు. చెప్పులు కొలత తీసుకుని కుడతారు. జాకెట్టు కొలత తీసుకుని కుడతారు. దీనికి కొలత ఎవరు తీశారు? ఎవరూ తీయలేదు. మరి జారదా?"

పద్దెనిమిదేళ్ళలో నాకు ఇంత న్యాయంగా మాట్లాడిన మనిషి తగల్లేదు. ఖాజా పక్కనున్న పరోటా హోటలుకి వెళ్ళి గుప్పెడు పిండి ముద్ద పట్టుకొచ్చాడు. వెనకాలే హోటలాయన, "నాకు రెండు పరోటాలు తక్కువొస్తాయి భాయ్!" అని అరుస్తూ వచ్చి, విషయం తెలిశాక తనూ నిలబడ్డాడు. ఆ ముద్దని కడ్డీలా చుట్టి నా చేతిలో పెట్టారు. "వాయిస్తున్నట్టే పట్టుకోండి." పట్టుకున్నాను. నా వేళ్ళ గుంటలు పిండిలో దిగాయి. ఖాజా ఆ గుంటల్ని కాలిపర్సుతో కొలిచి గోడ మీద సుద్దతో రాసుకున్నాడు.

రెండు గంటలు పట్టింది. ఇత్తడి పొట్టు బంగారంలా నేల మీద రాలింది. నడుము సన్నగా, రెండు చివరలూ లావుగా ఉన్న కడ్డీ నా చేతికొచ్చింది. పట్టుకోగానే ఆహా అనిపించింది. వేళ్ళు వాటి గుంటల్లో అవే వెళ్ళి కూర్చున్నాయి.

చెక్క మీద పెట్టి మీటాను. అటు రెండు తీగలు పలికాయి, ఇటు రెండు పలికాయి. మధ్యలో ఆరు గుర్రు పెట్టాయి. లేతు మీద గుండ్రంగా తిరిగే వస్తువుకి ఒక పక్కే గుంట పడదు కదా, చుట్టూ పడుతుంది. చేతికి తగిలే పక్క ఎంత సన్నమో తీగలకి తగిలే పక్కా అంతే సన్నం. మధ్య తీగలకి కడ్డీ అందనే లేదు.

ఖాజా తల పట్టుకున్నాడు. "అరే! చేతికి కొలత తీశాను, తీగలకి తీయలేదు!" హోటలాయన నవ్వాపుకోలేక గోడకానుకున్నాడు. డబ్బు ఇవ్వబోతే ఖాజా ససేమిరా అన్నాడు. "తీసుకెళ్ళండి చాచా. చాచీ నిజంగానే అప్పడాలు ఒత్తుకుంటుంది."

స్టేషన్లో పదిహేను పైసల కార్డు కొని సుగుణ టీచరు గారికి రాశాను. "తెనాలిలో పేరున్న పనివాడొకరు నా చేతిని బల్బు వెలుగులో పరీక్షించి, తప్పు చేతిది కాదని తేల్చారు. నన్ను అడక్కుండా నిర్ణయించడం మీ చదువుకి తగిన పని కాదు. ఇది మీ దృష్టికి తెస్తున్నాను." కడ్డీ పలకని సంగతి రాయలేదు. కార్డు మీద జాగా ఎక్కడుంది?

బాపట్ల

పాసింజరు బండిలో నా చెక్క గురించి పెట్టె మొత్తం ఒక సభ చేసింది. గంపలో సపోటాలు పెట్టుకున్నావిడ, "అన్నయ్యా, అది సేమ్యాలు ఆరేసుకునేదా?" అంది. ఎదురుగా ఉన్న గుమాస్తా, "కాదమ్మా, ఉడకబెట్టిన గుడ్లు కోసేది" అన్నాడు, ఏదో తను వాడినట్టు. వాయించి చూపించమన్నారు. ఖాజా కడ్డీతో వాయించాను. తర్వాత గంప ఆవిడ జాలిపడి రెండు సపోటాలు ఇచ్చింది.

బాపట్లలో దిగగానే తెలిసేది నేల. మా వైపు నల్లమట్టి కాలికి పట్టుకుంటే ఇంటిదాకా వస్తుంది. ఇక్కడ ఇసుక. చెప్పు విదిలిస్తే చాలు, వెళ్ళిపోతుంది. మనుషులు కూడా కాస్త అలాగే, విషయం చప్పున తేల్చేస్తారు.

నేను వెళ్ళింది మార్తమ్మ గారింటికి. రిటైరైన నర్సు. చాలా ఏళ్ళ కిందట ఒక ప్రార్థన కూటంలో ఆవిడ ఆరు తీగల హవాయి గిటారు వాయిస్తే విన్నాను. మా జిల్లాలో ఈ కడ్డీ గొడవ తెలిసిన మనిషి ఆవిడొక్కరే అని నా లెక్క. తమ్ముడి కుటుంబంతో ఉంటున్నారు. వెళ్ళేసరికి భోజనాల వేళ. సొరచేప పిట్టు, మామిడికాయ పప్పు. మా ఇంట్లో సొరచేప అంటే పులుసే. ఇలా పొడిగా వేయించి కొబ్బరి చల్లుతారని డెబ్బై దగ్గర పడ్డాక తెలిసింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

చేతులు కడుక్కున్నాక ఆవిడ, "ఏదీ, వాయించండి" అన్నారు. నా పాత ఇత్తడి గొట్టంతో వాయించాను. ఆవిడ తీగల వైపు చూడలేదు, నా మోచెయ్యి వైపు చూశారు. వాయిస్తుండగానే నా మణికట్టు పట్టుకున్నారు.

"బీపీ ఉందా యోహాను గారూ?"

"నాకేం లేదండి."

"కోపం?"

"అది ఉందండి."

"మీరు కడ్డీని పట్టుకోవట్లేదు. పీక పిసుకుతున్నారు. చూడండి, గోళ్ళు తెల్లబడ్డాయి."

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ తన కడ్డీ తెచ్చారు. కడ్డీ కాదు, మందపాటి గాజు సీసా, చిన్నది. దాన్ని తీగల మీద పెట్టి చూపుడు వేలు, మధ్య వేలు ఊరికే పైన ఆనించారు. సీసా దానంతటదే జరిగినట్టు జరిగింది.

"నా ఆరు తీగలకి ఇది చాలు, మీ పదికి చాలదు. మీకు పొడుగ్గా, బరువుగా ఉండాలి."

"ఈ వయసులో బరువైనదా! కణుపులు నొప్పులనే కదండీ తేలికది పట్టింది?"

"అక్కడే మీ పొరపాటు. తేలికది తీగల మీద ఆనదండి, మీరు నొక్కాలి. నొక్కాలంటే బిగబట్టాలి. బిగబట్టిన చెయ్యి వణక్క ఏం చేస్తుంది? నీళ్ళు మోసే ఆడవాళ్ళని చూశారా? నిండు బిందె నడుం మీద కుదురుగా కూర్చుంటుంది. ఖాళీ బిందెనే చేత్తో గట్టిగా పట్టుకోవాలి."

తల ఊపాను. ఒప్పుకున్నట్టు కాదు. సొరచేప పిట్టు తిన్న ఇంట్లో గట్టిగా మాట్లాడలేక.

ఆవిడ ఆగలేదు. రేపల్లెలో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఒకటుందనీ, పడవ ఫ్యాను తిప్పే స్టీలు షాఫ్టుల ముక్కలు అక్కడ గుట్టగా పడుంటాయనీ, ఉప్పునీళ్ళకే తుప్పు పట్టని ఆ స్టీలు చెమట చేతికి మంచిదనీ చెప్పారు. కొన్నాళ్ళు రేపల్లెలో పనిచేశారట. "ఆ షెడ్డు వాళ్ళ వేళ్ళకి నేను కట్టినన్ని కట్లు ఇంకెవరికీ కట్టలేదు" అన్నారు. ఆ రాత్రికి వాళ్ళ వరండాలోనే మంచం వేశారు.

మర్నాడు బస్టాండులో రెండో కార్డు. "బాపట్లలో ఒక నర్సమ్మ గారు నేను కడ్డీని పిసుకుతున్నానని అభిప్రాయపడ్డారు. ఆవిడ పెద్దరికాన్ని గౌరవిస్తాను, అభిప్రాయాన్ని కాదు. ముప్పై రెండేళ్ళు ఇంజను నడిపినవాడికి ఏది ఎంత బిగించాలో తెలియదా?"

కర్లపాలెం దగ్గర

బస్సు టైరు కర్లపాలెం దాటకుండానే పోయింది. మార్చేలోగా వేరుశెనక్కాయల గంపలతో కూలికెళ్ళొస్తున్న ఆడవాళ్ళు ఎక్కారు. సీటు దొరకని ఒకావిడ, "ఎవరిదయ్యా ఈ పీట?" అంటూ నా చెక్క మీద కూర్చుంది. టంగుమని ఒక తీగ తెగింది. ఆవిడ ఎగిరి లేచింది. బస్సంతా నవ్వు.

"అయ్యో బాబాయ్, నీ పీట అరిచింది!"

"అది పీట కాదమ్మా."

"మరి చెప్పొద్దా? ఇంత ఒళ్ళు పెట్టుకుని ఎక్కడ కూర్చోమంటావ్?"

గుప్పెళ్ళతో పచ్చికాయలు నా సంచిలో పోసింది. అక్కడ అమ్మితే సోలెడు రూపాయట. మా ఊళ్ళో రెండు. డబ్బు ఇస్తానంటే, "తీగకి సరిపెట్టుకో" అంది. తర్వాత గంప మళ్ళీ నెత్తిన పెట్టుకుని, కమ్మీకి ఒరిగి నిలబడి, కాయలు ఒలుచుకుంటూ పక్కావిడతో కబుర్లలో పడింది. నిండు గంప. దాన్ని పట్టుకోవడానికి ఒక్క చెయ్యీ వేయలేదు. బస్సు గోతుల్లో ఎగురుతోంది, గంప కదలడం లేదు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ గంప మీద కూడా నాకు కోపం వచ్చింది.

రేపల్లె

షెడ్డు పెట్టినాయన సాంబయ్య. అడవులదీవిలో పుట్టి, పదిహేనేళ్ళు సముద్రం మీద చేపల వేటకెళ్ళి, తర్వాత ఇంజన్ల పనిలోకి వచ్చాడు. నాకంటే పదేళ్ళు చిన్న. మార్తమ్మ గారి పేరు చెప్పగానే కుడి చేతి చిటికెన వేలు చూపించాడు. వంకరగా అతుక్కుని ఉంది. "ఇది ఆవిడ పుణ్యమేనండి. లేకపోతే చేపలు తిని ఉండేవి."

షెడ్డు వెనక స్టీలు ముక్కల గుట్ట నిజంగానే ఉంది. సాంబయ్య నాలుగు ఏరి, నేను చెప్పిన పొడుక్కి కోయించి, వరసగా బల్ల మీద పెట్టాడు. ఒకటి బొటనవేలంత లావు. ఒకటి ఇంకాస్త. నాలుగోది ఎత్తితే తూకపు రాయిలా ఉంది. నేను తేలికది తీసుకోబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"అలా ఎంచకూడదండి. చుక్కాని కర్ర కొత్తది చేసినప్పుడు మావాళ్ళు ఏం చేస్తారో తెలుసా? పట్టుకుని చూడరు. పట్టుకుని వేరే పని చూసుకుంటారు. టీ తాగండి. ఒక్కోటి చేతిలో ఉంచుకుని మాట్లాడండి."

"ఏం మాట్లాడను?"

"అసలు ఈ వయసులో ఇంత దూరం ఎందుకొచ్చారో అది చెప్పండి."

చెప్పాను. మొదటి కడ్డీ పట్టుకుని సుగుణ టీచరు గారి కాగితం సంగతి మొదలుపెట్టాను. రెండు నిమిషాలకే దాన్ని బల్ల మీద పెట్టేశాను, నేను గమనించకుండానే. సాంబయ్య రెండోది ఇచ్చాడు. బీఈడీల గురించి చెబుతూ దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాను. మూడోది వచ్చింది. పిలిచి అడక్కపోవడం గురించి, పద్దెనిమిదేళ్ళ గురించి, కరెంటు పోయిన క్రిస్మసు గురించి, ఇంజను డ్రైవరంటే వీళ్ళకున్న చులకన గురించి చెప్పాను. పనివాళ్ళిద్దరు సుత్తులు ఆపి వింటున్నారు. చెప్పడం అయ్యేసరికి టీ చల్లారింది. నాలుగోది ఇమ్మని చెయ్యి చాపితే సాంబయ్య నవ్వాడు.

"నాలుగోది అక్కర్లేదండి. మీ చేతిలో ఉన్నదే మీది. దాంతో ఆవిడని అరగంట తిట్టారు. కింద పెట్టలేదు, చెయ్యి మార్చలేదు, నొప్పి అనలేదు. గాల్లో ఊపి ఊపి మాట్లాడారు, జారనూ లేదు."

చూసుకున్నాను. మూడోది. నా పాత పిస్టన్ పిన్ను కంటే బరువు. వేళ్ళు దాని మీద ఊరికే వాలి ఉన్నాయి. గోళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఒక చివర గుండ్రంగా అరగదీయమన్నాను, పక్క తీగలకి తట్టుకోకుండా. రెండో చివర బొటనవేలు ఆనడానికి చిన్న గుంట పెట్టమన్నాను. ఈసారి గుంట చివరన కాబట్టి ఏ తీగకీ నష్టం లేదు. తెగినది పోగా మిగిలిన తొమ్మిది తీగల మీద పెట్టి, నొక్కకుండా వదిలేశాను. అది ఆనింది. నేను చూపిన వైపుకి వెళ్ళింది. ఆ మూడో చరణమే వాయించాను. స్వరం మీద నిలిపినప్పుడు నిలిచింది. నా చెయ్యి కదలకుండా ఉంది. అంతకుముందు కదిలేదని అప్పుడు తెలిసింది నాకు.

సాంబయ్య పనివాడొకడు, "ఇంకోటి కొట్టండి తాతగారూ" అన్నాడు. మూడు కొట్టాను. ముక్కకి, పనికి కలిపి ఎనిమిది రూపాయలు తీసుకున్నాడు. మా పక్క అయితే పాతిక చెప్పేవాళ్ళు.

రేపల్లె పోస్టాఫీసు అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. మూడో కార్డు మూడుసార్లు మనసులో రాసుకుని, తర్వాత పెన్ను తీశాను. "టీచరు గారికి. నా చెయ్యి వణికిన మాట నిజం. ముసలితనం వల్ల కాదు. తేలిక కడ్డీని బిగబట్టడం వల్ల. ఆ కడ్డీ ఎంచుకున్నది నేను, బిగబట్టింది నేను. బాపట్ల నర్సమ్మ గారు చెప్పిందే సరైనది. ఇప్పుడు బరువైనది దొరికింది, చెయ్యి నిలుస్తోంది. వినిపించడానికి ఒక్కసారి అవకాశం ఇవ్వమని కోరుతున్నాను." కోరుతున్నాను అనే మాట దగ్గర పెన్ను కాసేపు ఆగింది. రాసేశాను. డబ్బాలో వేశాక మళ్ళీ తీయడం కుదరదు కదా, అందుకే గబుక్కున వేశాను.

ఇంటికి

రేపల్లె నుంచి తెనాలి బండి ఖాళీగా వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు తింటూ, కడ్డీని ఎడమ చేతిలోనే ఉంచుకున్నాను. భట్టిప్రోలులో ఎక్కినాయన, "డైనమోదా బాబాయ్?" అని అడిగాడు. అవునన్నాను. ఆ రోజు ఎవరితోనూ వాదించాలనిపించలేదు.

మా ఆవిడ కడ్డీ చేత్తో ఎత్తి చూసి, "దీనికన్నా గునపమే తేలికగా ఉంది" అంది. రెండు ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుని వచ్చాను. సుగుణ టీచరు గారు నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు. మూడో వారం గురువారం నాడు పోస్టుమాను కవరు ఇచ్చాడు. అక్షరాలు ముందటి కాగితంలో ఉన్నంత గుండ్రంగా లేవు. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను:

"యోహాను గారికి వందనాలు. మీ మూడు కార్డులూ అందాయి. ఆదివారం ఏడున్నరకి మీ చోట మీరు కూర్చోండి, వినిపించి ఒప్పించే పనేం లేదు. మిమ్మల్ని పిలిచి అడగాల్సింది, అడగలేకపోయాను. అందరూ కడ్డీ జారడం చూశారు, నేను అంతకుముందు నాలుగు వారాల నుంచి మీ వేళ్ళు చూస్తున్నాను. ఎలా తెలిసిందంటారా? సుద్దముక్క పట్టుకుంటే ఏడాదిగా నా చెయ్యీ అలాగే వణుకుతోంది. బోర్డు మీద పిల్లల చేత రాయిస్తున్నాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీ బాపట్ల నర్సమ్మ గారి చిరునామా కావాలి. చర్చిలో అందరి ముందూ ఇవ్వొద్దు. కార్డు మీద కూడా వద్దు, పోస్టుమాను చదువుతాడు. కవర్లో పెట్టి పంపండి."